వెంట్రుకంత దారం

కరోనా తగ్గాక పాండేసరలో నూలుకు రంగులద్దే డైయింగ్ మిల్లు మళ్లీ తెరిచారు. మత్తు పరీక్ష నెగ్గితేనే పని.

ల్యాబులో పరీక్షలు చేసే తేజశ్రీ, పనికోసం వచ్చిన లక్ష్మీరాజాన్ని కూర్చోబెట్టింది.

"వెంట్రుకంత దారాన్ని నీ మూత్రంల ముంచినం అన్నా. నూలుకు రంగు పట్టినట్టు దానికి మత్తుమందు పట్టింది."

"గంజాయా?" అడిగాడు లక్ష్మీరాజం.

"కాదు, నిద్రమాత్రలు. శానా ఉన్నయి. ఎప్పటిసంది మింగుతున్నవు?"

అతను నేలచూపులు చూశాడు. "నాదైతే గంజాయి దొరుకుతదని, సీసాల నా భార్యది తెచ్చిచ్చిన మేడం."

తేజశ్రీ పెన్ను పక్కన పెట్టింది.

"కరోనాల మా కొడుకు పోయిండు. గంజాయి తాగంది నాకు కన్ను మూతపడదు. ఆమె మాత్రం ఒరగంగనే నిద్రపోతది. నువ్వు కన్నతల్లివేనా అని రాత్రి గూడ తిట్టిన."