బాయి ఠీక్

రాళ్లవాన వెలిసీ వెలవకముందే ఊరంతా సీతమ్మ చెరుకుతోట గట్టు మీద చేరింది.

తోట నడుమ ఒక చిన్న విమానం ముక్కు నేలకు కొట్టుకుని పడి ఉంది.

వానకు ధాన్యం కొట్టుకుపోకుండా టార్పాలిన్ కప్పి, వడగళ్ల దెబ్బకు తానూ దాని కిందే దూరి చెవులు మూసుకున్న సీతమ్మ, అది పడటం చూడలేదు. బయటికొచ్చేసరికి, ఏడాదంతా బిడ్డలా సాకిన చెరుకు నేలమట్టమై ఉంది.

పైలట్‌ను నలుగురు మోసుకొచ్చి గట్టు మీద కూర్చోబెట్టారు. నడివయసు మనిషి. తల మీద నెత్తురు. కళ్లు సగం మూతలు.

"పక్కనే కోసిన మడి అరచెయ్యిలా ఉందే! అది వదిలేసి నిలబడ్డ పైరు మీదికి తోల్తావా? ఎద్దులబండివాడు నయం నీకంటే!" అంది సీతమ్మ.

"ఊకోమ్మా. గాలిదుమారం గట్ల లేశె. ఆయన మాత్రం ఏం జేస్తడు?" అంది పనికొచ్చే గంగమణి.

"ఆకాశంలో తిరిగేవాడికి మబ్బు కనబడలా?"

"నిజాంసాగర్ దిక్కుకెల్లి ఉన్నట్టుండి లేసింది గద. మనకే కానరాలే."

పైలట్ పెదాలు కదిలాయి.

"బాయి..."

"ఏమంటున్నాడే?"

"బాయి అంటుండు. దూపైతుందేమో."

సీతమ్మ కృష్ణా జిల్లాలో పుట్టినా, కాపురమంతా వర్నిలోనే. ఇక్కడివాళ్లు బావిని బాయి అంటారని ఆమెకు కొత్తగా చెప్పక్కర్లేదు.

గంగమణి పరుగున వెళ్లి బావిలో చేది నీళ్లు తెచ్చింది. అతను తాగలేదు. వణికే చెయ్యెత్తి ఎటో చూపించాడు.

"బాయి... ఠీక్?"

సీతమ్మకు ఒళ్లు మండింది.

"బావి బాగుందా అని పరామర్శ చేస్తున్నాడే! దానికేం రోగం? సుబ్బరంగా ఉంది. పోయింది నా చెరుకు!"

గట్టంతా గొల్లున నవ్వింది.

అతను మెల్లగా ఆమె వైపు తిరిగాడు. తడిసి ముద్దయిన చీరను, జుట్టుకంటుకున్న ధాన్యం గింజలను చూశాడు. చూసి, నవ్వాడు.

"సిగ్గయినా లేదు," అంది సీతమ్మ.

అంబులెన్స్ ఎక్కించేటప్పుడు ఆమెకు చేతులు జోడించబోయాడు. ఆమె మొహం తిప్పుకుంది.

నిజామాబాద్ చేరకముందే పోయాడని తర్వాత తెలిసింది.

"పోయినోళ్లను అనకూడదు," అంటూనే సీతమ్మ ఆ ముచ్చట మాత్రం వదల్లేదు. ఇంటికెవరొచ్చినా కళ్లు సగం మూసి, చెయ్యి వణికించి, "బాయి ఠీక్?" అని చేసి చూపించేది.

నాందేడ్ వైపు నుంచి చెరుకు కోతకొచ్చిన ముఠా పక్కతోటలోనే ఉంటే, పడిన చెరుకు నరకడానికి పిలిపించింది. వాళ్లకూ చేసి చూపించింది. అందరూ నవ్వారు.

ముఠా పెద్ద బాపురావు నవ్వలేదు. కొడవలి కింద పెట్టాడు.

"అమ్మా, గా దినం మేం పక్కతోటలనే ఉన్నం. విమానం సీదా కోసిన మడిలకే దిగుతుండె. ఇంక భూమికి అంటుతదనంగ, ఒక్కపారి చెరుకు దిక్కు మలిపిండు. ఎందుకో సమజ్ గాలే."

"కళ్లు లేక!"

"గప్పుడు నువ్వెక్కడున్నవమ్మా?"

"ఎక్కడుంటాను? ఆ మడిలోనే. ధాన్యం రాశి దగ్గర, టార్పాలిన్ కిందకి దూరుతూ..."

సీతమ్మ కోసిన మడి వైపు తిరిగి చూసింది.

బాపురావు తల వంచుకున్నాడు.

"గా మాటను బట్టి జూస్తె ఆయన మా దిక్కు మనిషే. దెబ్బ తాకి సోయి తప్పుతుంటే కన్నతల్లి భాషే నోట్లకొచ్చింది. మా మరాఠీల బాయంటే నీళ్ల బాయి గాదమ్మా, ఆడమనిషి."