ముక్కు తెరుచుకున్న రోజు

"ముక్కు తెరుచుకుందే అమ్మాయీ!" అంటూ దుప్పటి ముసుగులోంచి తల బయటపెట్టాడు నాన్న. పది రోజులుగా పూటపూటకూ వాము వేసిన ఆవిరి పడుతున్నాడు. ఏనాడూ ఏ వైద్యమూ ఇంత ఓపిగ్గా చేసుకున్న మనిషి కాదు.

"హమ్మయ్య! ఇవాళైనా హాయిగా నిద్రపోతావు," అంది కూతురు.

"నిద్ర కోసం కాదే. తలగడ కింద మీ అమ్మ శాలువా ఉంది, ఇలా ఇవ్వు. తను పోయి నెల దాటింది. దాని వాసన ఇంకా మిగిలుందో లేదో, ఈ పాడు ముక్కుతో తెలిసి చావడం లేదు."

కూతురి మొహం పాలిపోయింది.

"నాన్నా... దుమ్ము నీకు పడదని, పక్కబట్టలతో పాటు దాన్నీ పొద్దున వేడినీళ్లలో ఉతికేశాను."

ఆయన ఆమె తల నిమిరాడు.

"నా మంచికే కదమ్మా చేశావు. ఏడవకు."

తీగ మీద ఆరుతున్న శాలువాను తెచ్చుకుని మొహానికి అదుముకున్నాడు. సబ్బు వాసన స్పష్టంగా తెలిసింది.