సైరన్‌కు ఆగని మనిషి

"ఒక్క సారీ చెప్పన్నా. మిగతాది నేను చూసుకుంట," అన్నాడు హరిప్రసాద్.

బిక్షపతి రెప్ప వేయకుండా అతని మొహంలోకే చూశాడు. ఆ చూపంటే సత్తుపల్లిలో సగం మందికి గిట్టదు. మాట్లాడుతున్నంతసేపూ కొట్టడానికి వచ్చినట్టు చూస్తాడని పేరు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే చచ్చినా పలకడు, అదొక పేరు.

"చెప్పను," అన్నాడు బిక్షపతి.

హరిప్రసాద్ ఇప్పుడు ఫుట్‌బాల్ క్లబ్బుకు ప్రెసిడెంటు. బిక్షపతి కోతమిల్లులో దుంగలు కోసే మనిషి. పద్నాలుగేళ్ల కిందటైతే ఒకరు ఫార్వర్డు, ఒకరు డిఫెండరు, ఎదురెదురు టీములు. బిక్షపతిని దాటి బంతి తీసుకుపోవడమంటే మాటలు కాదు. జనం ఆయనను 'ఇటలీ' అనేవారు.

ఆ పేరుకు కారణం డారియో గ్రెల్లి అనే ఇటలీ డిఫెండరు. హోటల్లో టీవీ ముందు నిలబడి బిక్షపతి అతని ఆట ఒక్కటీ వదిలేవాడు కాదు. చుట్టూ ఎంత గోల జరిగినా ఆయన కళ్లు తెర మీదే. గ్రెల్లి పంతొమ్మిదేళ్లు ఒకే క్లబ్బుకు ఆడాడు. కొట్టిన గోల్స్ రెండంటే రెండే. ఆపినవాటికి లెక్కే లేదు. బంతినీ, మొహాన్నీ నమ్మడు, ఎదుటివాడి నడుము ఎటు తిరుగుతుందో అదే చూస్తాడు. ఆ విద్యంతా బిక్షపతి తెర మీద చూసి పట్టేశాడు. గ్రెల్లి రిటైరైన రోజు బిక్షపతి మిల్లుకు కూడా పోలేదు, అంత అభిమానం. విజిల్ పడ్డాక కూడా బంతి వదలని మొండితనం మాత్రం బిక్షపతి సొంతం. దానికి తిన్న పసుపు కార్డులు దండ గుచ్చితే మెడకు సరిపోతాయి.

ఇక అసలు గొడవ. క్లబ్బు గ్రౌండు ఓపెన్‌కాస్ట్ గని పక్కనే ఉంది. బ్లాస్టింగ్ సైరన్ మోగిందంటే రాళ్లు ఎగిరిపడతాయని ఆట ఆపి అందరూ రేకుల షెడ్డు కిందికి పోవాలి. అది అక్కడి కట్టుబాటు. పద్నాలుగేళ్ల కిందట క్లబ్బు టోర్నమెంటు ఫైనల్లో చివరి నిమిషాల్లో సైరన్ మోగింది. రెఫరీ ఆగాడు. హరిప్రసాద్ కాళ్ల దగ్గరి బంతిని అక్కడే వదిలి షెడ్డు వైపు నడిచాడు.

బిక్షపతి ఆగలేదు. ఆ బంతి అందుకుని, నిలబడ్డవాళ్ల మధ్య నుంచి గ్రౌండంతా ఒక్కడే పరుగెత్తి గోల్ కొట్టాడు. జన్మలో ఆయన కొట్టిన గోల్ అదొక్కటే. అది చెల్లదని కొట్టేశారు. కట్టుబాటు తప్పాడని, పొగరుబోతని, క్లబ్బు ఆయనను జీవితాంతం బయట పెట్టింది. ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రోజే ఆ నింద తప్పేది. చెప్పలేదు. జాలిపడే మొహాలు చూడటం కన్నా తిట్టే మొహాలు చూడటమే నయం అనుకున్నాడు.

ఇప్పుడు క్లబ్బుతో మళ్లీ అవసరం పడింది. క్లబ్బు ఆడపిల్లల టీము వచ్చే వారం మ్యాచులకు ఖమ్మం పోతోంది. రెండేళ్లుగా ఆ పిల్లలు మిల్లు వెనకాల ఖాళీ జాగాలో ఆయన దగ్గరే నేర్చుకుంటున్నారు. నోటితో తక్కువ, చేతులతో ఎక్కువ చెప్పే మాస్టారంటే వాళ్లకు ప్రాణం. కానీ క్లబ్బు కోచ్ అని రాసిస్తేనే ఆయనను లైను దగ్గర కూర్చోనిస్తారు. ఆ కుర్చీ కోసం బిక్షపతి లోపల ఎంత తపించిపోతున్నాడో ఆయన భార్య గురవమ్మకే తెలుసు.

ఆదివారం పొద్దున క్లబ్బు మీటింగు, సారీ చెప్పాల్సింది అక్కడే. గ్రౌండు నిండా జనం. హరిప్రసాద్ మైకు మూతికి ఆనించుకుని చాలాసేపు మాట్లాడాడు. స్టేజీ మీద బిక్షపతి మాత్రం అతని వైపు చూడనే లేదు. ముందు వరసలో ఉన్న గురవమ్మనే చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆమె తల ఊపింది. ఆయన లేచి మైకు అందుకున్నాడు.

"ఆ రోజు నేను ఆగలే. కాళ్ల కాడ బంతి ఉన్నది, ముంగట గోల్ ఉన్నది. తప్పు చేసుంటే మీ అందరి కాళ్లు మొక్కేటోణ్ణి. చెయ్యలే. కోచ్ అని రాయకుంటే మానె, ఈ పిల్లలకు మిల్లు ఎనక జాగ ఉన్నది. మల్ల ఆడినా గట్లనే ఆడత."

మైకు పెట్టేసి స్టేజీ దిగి గేటు వైపు నడిచాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, తల మాత్రం దించలేదు.

ముందు టీము కెప్టెన్ సరళ లేచింది. మిగతా పిల్లలూ లేచి చప్పట్లు మొదలుపెట్టారు. చూస్తుండగానే గ్రౌండంతా లేచి నిలబడింది. ఆ హోరుకు హరిప్రసాద్ మెత్తబడక తప్పలేదు.

"అన్నా, ఎనక్కి రా. కోచ్‌వి నువ్వే. సారీ గీరీ ఏం అక్కర్లే," అని మైకులో అరిచాడు.

బిక్షపతి ఆగలేదు.

మళ్లీ పిలిచాడు. మూడోసారి పిలిచాడు. తిరిగి చూస్తే ఒట్టు. చప్పట్లు పలచబడ్డాయి. ఇంత పొగరు పనికిరాదని జనం గొణిగారు. వేరే ఎవరినైనా చూసుకుందామని కమిటీవాళ్లు హరిప్రసాద్ చెవి కొరికారు.

చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తిన గురవమ్మ గేటు దగ్గర ఆయనను అందుకుని, భుజం పట్టి వెనక్కి తిప్పింది. పద్దెనిమిదో ఏటే మిల్లు రంపాల మోతకు రెండు చెవులూ పోయి, ఆ సంగతి ఆమెకు తప్ప పురుగుకు కూడా తెలియనివ్వని ఆ మనిషికి ఇప్పటి ఈ పిలుపూ వినపడలేదు, ఆనాటి ఆ సైరనూ వినపడలేదు.