వెనక సీటు

వంటింటి గుడ్డతో బండి తుడిచారని నేను, "ఆ గుడ్డని పూజలో పెట్టుకోవే" అని మా ఆయన. ఆ పేచీతోనే మా చెల్లెలింటికి వెళ్లాం. రాత్రి తిరిగి వస్తుంటే ఊరి బయట బండి ఆగిపోయింది.

ఫోన్ చేస్తే మెకానిక్ వ్యాన్ తీసుకొచ్చాడు. బండికి స్టాండు వేయబోయి ఆగాడు.

"అన్నా, పెద్దావిడని కాస్త దిగమనండి. బరువుకి లేవట్లేదు."

మేమిద్దరం రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాం.

"ఏ పెద్దావిడ?" అన్నారు మా ఆయన.

మెకానిక్ సీటు వైపు చూశాడు. "సరే, కూర్చోనీండి" అన్నాడు మామూలుగా. ముగ్గురం కలిసి తోస్తేగానీ బండి వ్యాన్ ఎక్కలేదు.

ఇంటి ముందు దింపాక చూశాను. వెనక చక్రం స్ప్రింగులు ఎవరో కూర్చున్నట్టు అణిగే ఉన్నాయి. ఆయనకి చెబితే, "పాత బండి, అంతే" అన్నారు.

భోజనాల దగ్గర మా అమ్మాయితో అన్నారు. "నేను కొత్తది కొనుక్కుంటా. ఈ పాతది బాగుచేయించి ఇస్తాను, ఇకనుంచి కాలేజీకి ఇదే నీ బండి."

"మరి నా స్నేహితురాలిని ఎక్కించుకోవచ్చా నాన్నా?"

"వెనక సీటు ఖాళీయేగా."

వాకిట్లో స్ప్రింగు కిర్రుమంది.