విత్తనానికి ఒక్క పండు

"అమ్మా, వాటికి అలా పెట్టకూడదండి."

వెంకటదుర్గ నీళ్ళ పైపు పట్టుకునే వెనక్కి తిరిగింది.

ప్రహరీగోడ అవతల ఒక ముసలాయన. మాసిన లుంగీ, భుజాన తువ్వాలు. పక్క స్థలంలో కడుతున్న మేడకి కొత్తగా వచ్చిన కాపలా మనిషి.

"వరిచేనికి పెట్టినట్టు మడి నింపేస్తే టమాటా బతకదండి," అన్నాడు.

కాలవ గట్టున పుట్టి, మండపేటలో కాపురం చేస్తున్న మనిషికి నీళ్ళు పెట్టడం నేర్పడమంటే చేపపిల్లకి ఈత నేర్పడమే. దుర్గకి ఒళ్ళు మండింది.

"మాకు ముప్పై ఎకరాల వ్యవసాయం ఉందయ్యా. నీళ్ళ సంగతి మాకు తెలుసు."

"తెలీదని కాదండి," అంటూ ఆయన తప్పుకున్నాడు.

తెలుసన్న మాటేగానీ, పెరట్లోని ఆ పన్నెండు మొక్కలూ ఆమె కళ్ళముందే పాడైపోతున్నాయి. ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. కాసిన నాలుగు కాయలూ అడుగున నల్లబడి కుళ్ళుతున్నాయి.

బజారు మొక్కలైతే పీకి పారేసేది. ఇవి కిందటేడు పోయిన అమ్మ, బూడిదలో కలిపి పాతచీర గుడ్డలో మూటగట్టి ఉంచిన గింజల మొక్కలు. మూటలో ఇంకొక్క గింజ లేదు. ఇవి పోతే అమ్మ రకం పోయినట్టే.

మూడో రోజు దుర్గే గోడ దగ్గరికి వెళ్ళింది.

"ఏంటయ్యా, మొన్న ఏదో అన్నావు?"

ఆయన దెప్పలేదు. గోడ చుట్టి పెరట్లోకి వచ్చి, మొక్క పక్కన గొంతుక్కూర్చుని, చూపుడువేలు మట్టిలోకి గుచ్చాడు.

"ముందు నేలని అడగాలమ్మా. రెండు కణుపుల లోతున పొడిగా ఉంటేనే నీళ్ళు. పొద్దున్నే, మొక్క మొదట్లో, చెంబుతో నెమ్మదిగా పోయాలి. ఆకు తడవకూడదు. ఒకరోజు ముంచేసి మూడ్రోజులు ఎండబెడితే కాయ అడుగు కుళ్ళిపోద్దండి."

"అంతేనా?"

"అంతేనండి. పాదులో కాస్త ఎండుగడ్డి పరవండి, తడి నిలబడుద్ది."

నెల తిరిగేసరికి మొక్కలు కొత్త చిగుళ్ళు వేశాయి. ఇంకొన్నాళ్ళకి, గుమ్మడికాయలా మడతలు తేలిన ఎర్రటి పళ్ళు గుత్తులుగా వేలాడాయి.

ఎదురింటి రత్నమాణిక్యం చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏం మంత్రం వేశావు దుర్గా?"

"మంత్రమేంటి వదినా, మా అమ్మ గింజతో పాటు చెయ్యి కూడా నాకొచ్చింది."

అని తల తిప్పితే గోడ అవతల ఆయన ఉన్నాడు. విన్నాడు. మళ్ళీ కొత్త గోడలు తడపడంలో పడ్డాడు.

దుర్గ చెంపలు వేడెక్కాయి. సిగ్గుపడిన మనిషి తనని తాను తిట్టుకోవాలి. లోకంలో అలా జరగదు, ఎదుటివాడి మీద కోపం వస్తుంది. దుర్గకీ అదే వచ్చింది.

సాయంత్రం ఆయనే పిలిచాడు.

"అమ్మా, ఒక్క పండు ఇప్పిస్తారా?"

"కూరకా?"

"కాదండి, విత్తనానికి. ఈ రకం ఇప్పుడెక్కడా లేదు. మీ అమ్మగారికి ఎక్కడిదండి?"

చెప్పిన రెండు ముక్కలకీ కూలి అడుగుతున్నాడనిపించింది ఆమెకి.

"ఎక్కడిదేంటి, మా అమ్మదే. దారినపోయేవాళ్ళకి పంచడానికి దాచలేదు ఆవిడ. కావాలంటే బజార్లో కొనుక్కో."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"అలాగేనమ్మా."

మర్నాడు పొద్దున్న దుర్గ చెంబుతో పెరట్లోకి రాగానే గోడ మీంచి అదే గొంతు వినిపించింది.

"ఇవాళ వద్దండి. మంచు బాగా పడింది, నేల తడిగానే ఉంది."

దుర్గ విననట్టే నీళ్ళు పోసింది. ఆ తడినేల మీద నీళ్ళు పారుతుంటే, తను చేస్తున్నది తప్పని ఆమెకి తెలుస్తూనే ఉంది.

ఆ తర్వాత ఆయన మళ్ళీ కనిపించలేదు.

ఆదివారం ఆలమూరు నుంచి పెద్దింట్లమ్మ వచ్చింది. దుర్గ అమ్మకి స్వయానా చెల్లెలు. టమాటా పచ్చడితో ఒక ముద్ద తిని ఆగిపోయింది.

"ఇవి వీరాస్వామి రామ్ములక్కాయలు కదే."

"వీరాస్వామి ఎవరు పిన్నీ? ఇవి అమ్మ టమాటాలు."

"గోదారి లంకలో రైతు. నువ్వప్పటికే అత్తారింట్లో ఉన్నావు, నీకు తెలీదు. మీ అమ్మ రుచి మెచ్చుకుందని, అడక్కుండానే విత్తనానికి ఓ పండు ఇచ్చాడు. ఎనభై ఆరు వరదలో ఆయన చేనూ పాకా గోదారి కోసుకుపోయింది. గింజ కూడా మిగల్లేదు. మనిషి ఎటుపోయాడో."

పిన్ని ఇంకో ముద్ద కలిపింది.

"నీళ్ళు పొయ్యడం కూడా ఆయనే నేర్పాడు మీ అమ్మకి. మట్టిలో వేలు గుచ్చి, ముందు నేలని అడగాలమ్మా అనేవాడు."

దుర్గ గరిటె కింద పెట్టేసింది. పెరట్లోకి పరిగెత్తి, పండిన పళ్ళన్నీ బుట్టలోకి కోసుకుని పక్క మేడకి వెళ్ళింది.

అక్కడ సామ్యేలు మేస్త్రి ఒక్కడే ఉన్నాడు.

"మీ కాపలా ఆయన పేరేంటి?"

"వీరాస్వామిగారండి. నాలుగు రోజులైంది వెళ్ళిపోయి. భీమవరం అవతల రొయ్యల చెరువుల కాపలాకి వెళ్తున్నానన్నాడు. ఏ చెరువో తెలీదండి."

రెండు నెలలు ఆయన చెప్పినట్టే నీళ్ళు పోసింది. ఒక్కసారి పేరు అడగలేదు.

బుట్ట పట్టుకుని తిరిగొచ్చి, గడప మీద కూలబడింది.

"ఏమైందే?" అంది పిన్ని.

దుర్గ బుట్టలోంచి ఒక పండు చేతిలోకి తీసుకుంది. దాన్ని చూస్తూ అడిగింది.

"పిన్నీ, బజార్లో కావలసినన్ని విత్తనాలు దొరుకుతాయి కదా. అమ్మ ఏటా ఈ గింజే ఎందుకు దాచింది?"

పిన్ని చెయ్యి కడుక్కుంటూ మామూలుగా చెప్పింది.

"ఎప్పటికైనా వీరాస్వామి కనిపిస్తే, ఆయన విత్తనం ఆయన చేతిలో పెట్టాలని."