మూడో నంబరా, ఏడో నంబరా

దేవుడు పూనిన మనిషి నోట అబద్ధం రాదని జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా నూటికి తొంభై మంది నమ్ముతారు. ఆ నమ్మకాన్ని ఒక కారు ఇంజను మీద పరీక్షించే సందర్భం కోరుట్లలోని పాత సామాన్ల యార్డులో వచ్చింది.

"రెండూ మీ బండి మోడల్‌వే. ఏది కావాల్నో తీస్కపో. గేటు దాటినంక వాపసు లేదు," అన్నాడు యార్డు యజమాని.

దివాకర్ ఎదుట రెండు ఇంజన్లున్నాయి. తెల్లరంగుతో ఒకదాని మీద మూడు, రెండోదాని మీద ఏడు అని రాసి ఉంది. మూడో నంబరు పెళ్లికొడుకులా తళతళలాడుతోంది. ఏడో నంబరు దుమ్ము కొట్టుకుపోయి, పక్కల నుంచి నూనె కారి, అలిగి మూలకు కూర్చున్న చుట్టంలా ఉంది.

ఎనిమిదేళ్లు ఖతర్‌లో క్రేను నడిపిన దివాకర్, ఎర్రటి టర్బో స్పోర్ట్స్ కారొకటి పాతది కొన్నాడు. పెళ్లి ఫొటోలకు కిరాయికి తిప్పుకుంటూ ఇక జగిత్యాలలోనే ఉండిపోదామనుకున్నాడు. "జోరుగ తోలి అచ్చినంక వెంటనే బంద్ చెయ్యకు. టర్బో సల్లబడేదాంక రెండు నిమిషాలు ఇంజను తిరగనియ్యి," అని ఇంటి పక్కనున్న సారయ్య సారు చెప్పాడు. సారు చెప్పాడు గనుకనే దివాకర్ ఆ పని చెయ్యలేదు. రెండు నెలలకే టర్బో పోయి ఇంజను పట్టేసింది. ఇప్పుడు వేసేది కూడా పోతే మళ్లీ ఖతరే గతి. భార్య సింధూజ అప్పుడే అటక మీది పెట్టె దించి, ఏడ్చుకుంటూ దుమ్ము దులిపింది.

సారయ్య సారు రిటైరైన లెక్కల మాస్టారు. దేవుణ్ణీ దయ్యాన్నీ ఒకే గాటన కట్టే మనిషి. ఒకటికీ ఏడుకూ తేడా తెలియాలని, ఏడు నడుమ అడ్డగీత గీయనివాడికి సున్నా వేసేవాడు. ఆ సున్నాలు దివాకర్ ఇంకా మరిచిపోలేదు. సారు తూర్పంటే తాను పడమరనడం అప్పటి నుంచీ అలవాటు. ఈ పూట కూడా సారు పిలవకుండానే వచ్చి, గోళ్ల సందుల్లోని గ్రీజును చేతి రుమాలుతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. పొద్దున సైకిల్ చైను పడిపోయిందట.

"ఏమంటవ్ హన్మండ్లన్నా?" అని మెకానిక్‌ను అడిగాడు దివాకర్.

"రెండూ స్టార్ట్ అయినయ్, రెండూ మంచిగనే గుర్రుమన్నయ్. సిలిండర్ల బలం జూసే మీటర్ ఉంటే నిమిషంల చెప్పేటోన్ని. మొన్నటి సంది గది కనవడ్తలేదు. ఎవడు వట్కపోయిండో."

"మీటర్ దేనికి?" అన్నాడు సారయ్య. "మూడో నంబర్ తీసుకో. ఎంత సాఫ్‌గ ఉందో చూడరాదు."

హన్మండ్లు నవ్వాడు. "పైన చూసి మోసపోవద్దని మాకు బడిల చెప్పింది మీరే గద సారూ."

"అది మనుషుల ముచ్చట. ఇనుము వేరు."

అంతటితో దివాకర్‌కు మూడో నంబరు మీద మనసు విరిగింది. అయినా ఏడో నంబరును చూస్తే ధైర్యం చాలలేదు. "మా అవ్వను అడుగుత. ఎల్లమ్మ తల్లి చెప్తది," అన్నాడు.

అతని తల్లి బుచ్చవ్వ పాత టైరు మీద కూర్చొని ఉంది. సిరిసిల్లలో మరమగ్గాల సాంచెల మీద బట్ట నేసినన్నాళ్లలో ఆమెకు అంకెలు వచ్చాయి; అక్షరాలు రాలేదు. ఎల్లమ్మ మాత్రం ఇరవై ఏళ్లుగా వస్తోంది.

వేపమండ చేతికివ్వగానే బుచ్చవ్వ కళ్లు తేలవేసింది. జుట్టు విరబోసుకుని ఊగింది. యార్డు యజమాని చెప్పులు విడిచి చేతులు జోడించాడు. ఆమె నడుముకున్న పసుపు సంచి విప్పి, లోపలికి ఒకసారి తొంగిచూసి, పిడికెడు పసుపు తీసింది.

"ఏది తీసుకోమంటవు తల్లీ?"

"సోకు జేసుకున్నది సోపతికి రాదు బాలుడా. దుమ్ములున్నది నీ ఇల్లు నిలవెడ్తది." పసుపు వెళ్లి ఏడో నంబరు మీద పడింది.

సారయ్య పకపకా నవ్వాడు. "గది నడిస్తే కొండగట్టు గుడి కాడ నా చేతుల్తోని కొబ్బరికాయ కొడ్త."

"మాట మీదుండాలె సారూ."

"రాసియ్యమంటవా?"

అక్కర్లేదన్నాడు దివాకర్. ఏడో నంబరును ఆటో ట్రాలీలో ఎక్కించారు.

మూడు నెలలు గడిచాయి. ఇంజను చుక్క నూనె తాగలేదు. దివాకర్ ఇప్పుడు కారును ఆపే ముందు రెండు నిమిషాలు తిరగనిస్తున్నాడు. ఎల్లమ్మ మరోసారి ఒంటి మీదికి వచ్చి మరీ చెప్పింది. సిరిసిల్ల నుంచి కూడా పెళ్లివాళ్లు ఫోన్లు చేస్తున్నారు. ఖతర్ పెట్టె అటకెక్కింది. మూడో నంబరును ఇంకెవరో కొని విప్పించగా, సిలిండర్ హెడ్ మీది పగులుకు లప్పం పెట్టి రంగు కొట్టిన సంగతి బయటపడింది. హన్మండ్లు మీటర్ కూడా దొరికింది, ఎప్పుడూ ఉండే మేకుకే వేలాడుతూ.

కొండగట్టులో, ఎర్రకారు ముందు సారయ్య మాట తప్పకుండా కొబ్బరికాయ కొట్టాడు. ఒక్క దెబ్బకే పగిలింది.

"ఇప్పటికన్న నమ్ముతరా సారూ?"

"కండ్లార చూసినదాన్ని కాదంటనా?" అని చిప్ప అందించాడు సారయ్య.

"కొడుకా, నా సంచిలకెల్లి జెర పసుపు తియ్యి. బండికి బొట్టు వెడ్త," అంది బుచ్చవ్వ, కొబ్బరి ముక్క నములుతూ.

దివాకర్ సంచిని అరచేతిలోకి వంచాడు. పసుపుతో పాటు నాలుగు మడతల కాగితం ముక్క ఒకటి రాలింది. విప్పి చూశాడు. లోపల ఒక్క అంకె ఉంది.

నడుమ అడ్డగీతతో ఏడు.