గుండ్రటి కాలు

“టికెట్ పెట్టి నిన్ను కెనడా తెచ్చింది నేను. ఈ కుర్చీ అమ్ముడైతేనే నీ వర్క్ పర్మిట్ రెన్యూవల్‌కి సంతకం పెడతా. నోరు మెదిపావో, ఇంటికి పోతావ్,” అన్నాడు యోగానంద్.

పర్మిట్‌కి ఇంకా పదకొండు రోజులే గడువుంది. వడ్రంగి సోమాచారి తలూపి, కుర్చీని ఎటోబికోలోని ఆ పాతకాలపు సామాన్ల షాపు ముందుగదిలోకి మోసుకొచ్చాడు.

కొనడానికి వచ్చిన డాక్టర్ శ్యామల దాని చుట్టూ తిరిగింది.

“రెండొందల యాభై ఏళ్ళ నాటిది మేడం,” అన్నాడు యోగానంద్. “ అమెరికా ఇంకా బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉన్న రోజులు. చేసినవాడు ఓడలో వలసొచ్చాడు. ఛార్జీ కట్టిన యజమాని దగ్గర ఏడేళ్ళు కట్టుబడి పనిచేశాడు. ఇదిగో, యజమాని ముద్ర.”

“మరి చేసినవాడి పేరు?”

“పనివాడి పేరు ఎవరికి కావాలండీ?” నవ్వాడు యోగానంద్.

సోమాచారికి నవ్వు రాలేదు. ఆ ముద్ర కాల్చి వేసింది తనే. జేబులోంచి మందం కొలిచే కాలిపర్ తీసి శ్యామలకిచ్చాడు.

“కుర్చీ కాలి మందం ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి కొలవండి మేడం. అన్నేళ్ళు ఆరిన కర్రయితే ఒకవైపు ఎక్కువ కుంచించుకుపోయి, కోలగా అవుతుంది.”

“ఒరేయ్ చారీ!”

శ్యామల వంగి రెండుసార్లు కొలిచింది. రెండు కొలతలూ ఒకటే. కాలు నున్నగా, గుండ్రంగా ఉంది.

యోగానంద్ బల్లమీది పర్మిట్ కాగితాలు అందుకుని అడ్డంగా చించేశాడు.

ఆమె లేచి సోమాచారి వైపు తిరిగింది.

“చేసినవాడి పేరు?”

“సోమాచారి, మేడం. పోయిన నెలలో చేశాను.”